నాణెముల తరము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండినవి. ఇరువదియైదవ యేటి పండుగను రజతోత్సవ మనుట లోకాచారము. రజతమనగా వెండి. వెండిపేర జరుగు పండుగనాడు వెండి నాణెములను గూర్చి నాలుగు మాటలు చెప్పుట అసందర్భము కాదని తలచి, కార్యవర్గమువారి యనుమతితో ఈ విషయమును ఎన్నుకొంటిని.

దీనికి వేరొక కారణము కూడ కలదు. మన యూరి కుటుంబములవారు కొందరు తమ యిండ్లలోని పాత నాణెములను ఈ గ్రంథాలయమునకు దానముగా నిచ్చినారు. అవి ఇప్పుడొక రేకు డబ్బాలో నున్నవి. వానిని చింతపండుతోను బూడిదతోను చక్కగా తోమి, తళతళ మెరయునట్లు చేసి, అద్దాలపెట్టెలో పేర్చి ప్రదర్శింపవలెనని ఒక సూచన వచ్చినది. సూచించినవారి యుద్దేశము మంచిదే. ఇంటికి చుట్టము వచ్చినపుడు ఇత్తడి చెంబు తోముట మన మర్యాద. కాని నాణెము చెంబు కాదు. దానిని తోమరాదు. ఏల తోమరాదో చెప్పవలెనన్న, నాణెముయొక్క తరమును ఎట్లు నిర్ణయింతురో మొదట చెప్పవలసి యున్నది.

తరమనగా నేమి? నేను గ్రామలెక్కలు వ్రాయువాడను గనుక నాకు తెలిసిన వృత్తినుండియే ఉపమానము తెచ్చుకొందును. నిజాము కాలపు బందోబస్తులో నేలను త్రవ్వి, మట్టిరంగు చూచి, లోతు కొలిచి, ఇసుకయు రాళ్లును ఎంతపాలున్నవో పరికించి, ఇది ఇన్ని అణాల నేల యని సేత్వారులో వ్రాసినారు. పంటను గూడ అట్లే పండ్రెండణాల పంట, ఎనిమిదణాల పంట యని అంచనా కట్టెడివారు. దానినే అణావారీ యందురు. పదహారణాలు నిండినది సంపూర్ణము. అణాలు చెలామణినుండి పోయినను "పదహారణాల తెలుగు" అను మాట మన నోట నిలిచియే యున్నది. నాణెము తరమును నిర్ణయించుటయు ఇట్టి అణావారీయే. టంకశాలనుండి వెలువడిన దినమున ఆ నాణెము పదహారణాలది. నేడు మన చేతికి వచ్చునప్పటికి దానిలో ఎన్ని అణాలు మిగిలియున్నవి? ఈ ప్రశ్నకు సమాధానమే తరము.

ఇది పాశ్చాత్యులు క్రొత్తగా తెచ్చిన విద్య యని తలపకుడు. కౌటిల్యుని అర్థశాస్త్రములో టంకశాలను చూచువానికి లక్షణాధ్యక్షుడనియు, నాణెములను పరీక్షించువానికి రూపదర్శకుడనియు పేర్లు కలవు. పరీక్షచేసినందుకు నూటికి పణములో ఎనిమిదవవంతు రుసుమును విధించినారు. అంతకంటె గమనింపదగిన దొకటి కలదు. దోషములేని నాణెమును చెల్లదని త్రోసివేసిన రూపదర్శకునికి 12 పణములు దండనము. దోషముగల నాణెమును చెల్లునని పుచ్చుకొన్నవానికిని అదే దండనము. అనగా తరమును తగ్గించి చెప్పుటయు, పెంచి చెప్పుటయు సమానమైన అపరాధములే. పరీక్షకుడు కొనువాని పక్షమునను ఉండరాదు, అమ్మువాని పక్షమునను ఉండరాదు. నాణెము పక్షముననే యుండవలెను.

క్రీస్తుశకము 5వ శతాబ్దమునందలి బౌద్ధాచార్యుడు బుద్ధఘోషుడు తన విశుద్ధిమార్గములో జ్ఞానభేదములను వివరింపబూని నాణెములనే ఉదాహరణముగా గైకొన్నాడు. సరాఫు పలకపై నాణెముల కుప్ప యున్నది. బాలుడు దానిని చూచి అవి గుండ్రముగను, రంగుగను, ముచ్చటగను ఉన్నవని మాత్రమే గ్రహించును. గ్రామీణుడు ఇంకొక మెట్టెక్కి, వీనితో వస్తువులు కొనవచ్చునని గ్రహించును. సరాఫు మాత్రము కంటితో చూచి, మ్రోత విని, వాసన చూచి, రుచి చూచి, చేత బరువెత్తి, ఇది మంచిది, ఇది చెడ్డది, ఇది ఫలాన పట్టణములో ఫలాన పనివాడు చేసినది యని చెప్పగలడు. ముగ్గురి కన్నులును ఒకటియే, చూపులు వేరు. గ్రంథాలయమునకు వచ్చువాడు బాలుని చూపుతో లోనికి వచ్చి పరీక్షకుని చూపుతో వెలికి పోవలెనని నా యాశ.

ఇక మన డబ్బాలోని నాణెములను చూతము. 1889 నాటికి సికింద్రాబాదునుండి బెజవాడవరకు ఇనుపదారి పడినది. మన నెక్కొండ స్టేషను ఆ దారిమీదనే యున్నది. దక్షిణమున ఇంగ్లీషువారి యేలుబడి, ఇక్కడ నిజాము రాజ్యము. కావున మన ప్రాంతపు సందుగపెట్టెలలో రెండు జాతుల రూపాయలు దొరకును. ఒకటి కల్దారు, రెండవది హాలీ. కల్దారనగా బ్రిటిషు ఇండియా రూపాయ. హాలీ యనగా ప్రస్తుతము చెల్లునది యని యర్థము. హైదరాబాదు రాజ్యపు సిక్కాకు ఆ పేరు స్థిరపడినది.

కల్దారు తూకము 180 గ్రెయినులు, అనగా సరిగా ఒక తులము, 11.66 గ్రాములు. అందు పండ్రెండుపాళ్లలో పదునొకండుపాళ్లు వెండి. హాలీ రూపాయ తూకము 11.18 గ్రాములు, వెండి నూటికి 81.8 పాళ్లు. లెక్కవ్రాయువాడను గనుక గుణించి చూచితిని. కల్దారులో శుద్ధమైన వెండి 10.69 గ్రాములు, హాలీలో 9.14 గ్రాములు. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు అని సర్కారు కట్టిన మారకమును వెండి లెక్కతో పోల్చి చూడుడు. ఏడు హాలీలలో వెండి 64 గ్రాములు, ఆరు కల్దార్లలోను 64 గ్రాములే. ఆ మారకము ఎవరో గాలిలో కట్టినది కాదు, త్రాసులో కట్టినది. 1940 మొదలు కల్దారులో వెండిని సగమునకు తగ్గించిరి. 1947లో వచ్చిన రూపాయ వట్టి నికెలు. సూదంటురాయి నికెలు రూపాయను లాగును, వెండిదానిని లాగదు. హాలీ సిక్కా 1950 తరువాత భారత నాణెములతోపాటు కొంతకాలము నడచి, ఆ దశాబ్దము ముగియునప్పటికి తొలగినది. 1957 ఏప్రిలు 1వ తేదీన నయాపైసలు వచ్చి అణాల లెక్కయే మారినది.

చార్మినారు బొమ్మగల హాలీ రూపాయలు మహబూబు అలీఖాను కాలమున, హిజరీ 1321 ప్రాంతమున, అనగా 1903-04లో ఆరంభమైనవి. నడిమి ద్వారమున మీము అను అక్షరమున్న మహబూబు అలీఖానుది, ఐను అను అక్షరమున్న 1911లో గద్దెకెక్కిన ఉస్మాను అలీఖానుది. వీనిపై హిజరీ సంవత్సరమును, ఏలుబడి సంవత్సరమును రెండును ఉండును. చంద్రమానపు హిజరీ యేడాది మన యేడాదికంటె సుమారు 11 దినములు చిన్నది. 33 హిజరీలు 32 ఆంగ్ల సంవత్సరములతో ఇంచుమించు సమానము. ఇది తెలిసినచో నాణెము వయస్సు మీరే గణింపగలరు.

ఇప్పుడు తరమును చూచు పద్ధతి. నాణెమును అంచులందు రెండువ్రేళ్లతో పట్టుకొనవలెను. ముఖమును బొటనవ్రేలితో తాకరాదు. చేతిచెమట మరకయై నిలిచిపోవును. క్రింద మెత్తని గుడ్డ పరచుకొనుట మేలు, జారినను దెబ్బతగులదు. ఒక్క దీపము చాలును. దాని వెలుగు ఒకప్రక్కనుండి పడునట్లు నాణెమును మెల్లగా వంచుచు త్రిప్పవలెను. అయిదింతలు పెద్దదిగా చూపు భూతద్దము కావలెను. అంతకు మించిన అద్దములో ప్రతి గీత గాయమువలె కనబడి తీర్పు చెడును.

త్రిప్పునపుడు మొట్టమొదట నిగ్గును చూడవలెను. అచ్చు దెబ్బకు లోహము మధ్యనుండి అంచులకు పారును. ఆ పారుడులో కంటికి కనబడని సన్నని చాళ్లు ఏర్పడును. క్రొత్త నాణెమును వంచినపుడు బండిచక్రపు ఆకులు తిరిగినట్లు వెలుగు గుండ్రముగా తిరుగుట ఆ చాళ్లవలననే. చాళ్లు చేతులు మారినకొలది అరిగిపోవును. ఒకమారు పోయిన నిగ్గు మరల రాదు. తోముటచే వచ్చునది మెరుపు, నిగ్గు కాదు. మెరుపు అన్నివైపులను ఒకేరీతిగా చచ్చు వెలుగునిచ్చును. వంచినను తిరుగదు. ఈ యొక్క భేదము తెలిసినవాడు సగము పరీక్ష గెలిచినట్లే.

తరువాత ఎత్తైన చోట్లను చూడవలెను. వరదనీరు పల్లమును ముంచును, అరుగుదల మిట్టను కొట్టును. విక్టోరియా రూపాయపై చెవికి పైనున్న జుట్టుపాయలు, చెక్కిలి మొదట అరుగును. ఎడ్వర్డు రూపాయపై చెవియు గడ్డమును. అయిదవ జార్జి రూపాయపై కిరీటపుపట్టెయు, చెవియు, మీసమును, మెడలోని హారమునందలి ఏనుగును చూడవలెను. 1911లో ఆ ఏనుగు చెక్కడము పందివలె కనబడుచున్నదని జనులు తప్పుపట్టగా, మరుసటి యేట బొమ్మను మార్చి ముద్రించిరి. అంత చిన్నబొమ్మలో తొండమును కాళ్లును స్పష్టముగా నిలిచియున్న, ఆ నాణెము చేతులు మారినది తక్కువ యని చెప్పవచ్చును. హాలీ రూపాయపై మినారుల అడ్డుపట్టెలను, కమానుల గీతలను, ద్వారములోని అక్షరమును చూడవలెను. బొమ్మవైపు ఒక తరము, బొరుసువైపు వేరొక తరము కనబడినచో తక్కువదియే నాణెపు తరమని వ్రాయుట న్యాయము.

ఇచ్చట జాగ్రత్త వలయును. గీత కనబడని చోటెల్ల అరిగినదని తీర్పు చెప్పరాదు. అచ్చు దెబ్బ బలముగా పడనందున గీత మొదటనే లేకపోవచ్చును. ఎట్లు తెలియును? ఆ చదునైన చోట నిగ్గు ఉన్నచో అది అచ్చులోపము, నిగ్గు లేనిచో అరుగుదల. యంత్రములు రాకమునుపు చేతిదెబ్బతో కొట్టిన పాత సిక్కాలలో అచ్చు పెద్దది, బిళ్ల చిన్నది. అందువలన అక్షరములలో సగమే బిళ్లపై పడినవి. శాతవాహనుల నాణెములును ఇట్టివే. వీనిని చూచి విరిగినదనియో అరిగినదనియో వ్రాయుట అన్యాయము. కావున పాతవానికి నాలుగు విషయములు వేరువేరుగా వ్రాయవలెను: అరుగుదల ఎంత, దెబ్బ ఎంత బలముగా పడినది, ముద్ర నడుమకు వచ్చినదా, పైపొర ఎట్లున్నది. సరాఫులు పరీక్షకై కొట్టిన చిన్న గుర్తులు, గాట్లు, రంధ్రములు, కొంకి అతికిన మాటు మచ్చలు తరములో చేరవు. అవి దోషముల గడిలో ప్రత్యేకముగా వ్రాయవలసినవి.

కంటి తీర్పునకు త్రాసు సాక్షి. 1906 నాటి నాణెముల చట్టము ప్రకారము రూపాయ తన ప్రమాణపు తూకములో నూటికి రెండుపాళ్లకంటె ఎక్కువ తరిగినచో అది చట్టరీత్యా చెల్లుబాటయ్యెడిది కాదు. అనగా 11.66 గ్రాముల కల్దారు 11.43కు దిగజారినంతనే దాని యుద్యోగము ముగిసినదన్నమాట. నేడు స్వర్ణకారుల యొద్ద గ్రాములో నూరవవంతు చూపు కాటాలు కలవు. మనము పదహారణాలని వ్రాసిన రూపాయ 11.45 తూగినచో, తీర్పును మరల పరిశీలింపవలెను. ఏలనన అరుగుదల లేకుండ తూకము తరుగదు. తరము మంచిదై తూకము చెడినయెడల అది నకిలీ కావచ్చును. మిక్కిలి అరుదైన 1939 ముద్రగల రూపాయ వంటి వానియందు ఈ శంక మరింత అవసరము.

ఇక కొలబద్ద. ఆంగ్లవర్తకులు అరుగుదలనుబట్టి పూర్, ఫెయిర్, గుడ్, వెరీ గుడ్, ఫైన్, వెరీ ఫైన్, ఎక్స్ట్రీమ్లీ ఫైన్, అబౌట్ అన్‌సర్క్యులేటెడ్, అన్‌సర్క్యులేటెడ్ అని మెట్లు కట్టినారు. 1949లో అమెరికా దేశమున విలియం షెల్డన్ అనునతడు అచ్చటి పాత రాగిసెంట్లకై ఒకటి మొదలు డెబ్బదివరకు అంకెల కొలబద్దను ఏర్పరచెను. తరువాత అది అన్ని నాణెములకును వ్యాపించినది. 1986 నుండి కొన్ని సంస్థలు నాణెమును పరీక్షించి, అంకెవేసి, గట్టిపెట్టెలో మూసి ఇచ్చుచున్నవి. ఆ మెట్లను మన అణాలలోనికి మార్చి, మన గ్రంథాలయపు వాడుకకు ఈ క్రింది విధముగా ప్రతిపాదించుచున్నాను.

పదహారణాలు: చేతులు మారనిది. ఎత్తైన చోటను నిగ్గు చెడనిది. షెల్డన్ లెక్కలో 60కి పైన.

పదునాలుగణాలు: మిట్టలకొసలందు మాత్రము నిగ్గు మాసినది. 50 మొదలు 58.

పండ్రెండణాలు: మిట్టలు కొంచెము చదునైనను గీతలన్నియు విడివిడిగా నున్నవి. 40, 45.

పదణాలు: సన్నగీతలు కొన్ని కలిసిపోయినవి, పెద్దగీతలన్నియు స్పష్టము. 20 మొదలు 35.

ఎనిమిదణాలు: జుట్టు ముద్దయైనది, అక్షరములన్నియు నిండుగా చదువనగును. 12, 15.

ఆరణాలు: లోపలి గీతలు కొద్దిగ మాత్రమే మిగిలినవి. 8, 10.

నాలుగణాలు: బొమ్మ యొక్క నీడరూపమే మిగిలినది, సంవత్సరము చదువనగును. 4, 6.

రెండణాలు: ఏ రాజుదో మాత్రము పోల్చవచ్చును. 3కు లోపల.

ఇందొక మోసమునకు తావున్నది. మీరందరును మనస్సున నుంచుకొనవలసినది ఇదియే. గుడ్ అను ఆంగ్లపదమునకు మంచిదని యర్థము చెప్పుకొందుము. కాని నాణెముల బజారులో గుడ్ అనగా నాలుగణాల సరుకు. వేరొకచోట దీనికి విపర్యయము జరుగును. అమ్మువాడు అమాయకుడైనచో, పండ్రెండణాల నాణెమును చూపి, "ఇది అరిగిపోయినదమ్మా, వెండి తూకమునకే పనికివచ్చును" అని బేరగాడు పుచ్చుకొనును. సాయంకాలమునకు అదే నాణెము అతని యద్దాలపెట్టెలో పదునాలుగణాల తరమై కూర్చుండును. నాణెము మారలేదు, మాట మారినది. మన చుట్టుప్రక్కల తండాలలో బంజారా స్త్రీలు తరతరములుగా వెండిరూపాయలకు కొంకులు మాటువేయించి హారములుగా ధరించినారు. మన యిండ్లలో పెద్దమ్మలు, అమ్మమ్మలు మూటగట్టి దాచినవియు కలవు. బిడ్డ పెండ్లికో, ఆసుపత్రి ఖర్చుకో అవి బయటికి వచ్చును. ఆ దినమున ఆ తల్లికి తరము తెలిసిన మనిషియొకడు ప్రక్కనున్నచో, ఆమె సొత్తులో సగము నిలుచును. కొంకి అతికిన రూపాయకు విలువ తగ్గుట నిజమే. కాని హారములో అతుకు లేనివి, సంవత్సరమునుబట్టి అరుదైనవి ఏవియో ఏరి చెప్పుట ఒక పూట పని. ఈ పని చేయగల యువకులు నలుగురు మన గ్రంథాలయమునుండి తయారైనచో, ఈ రజతోత్సవము సార్థకము.

ఇక తోముట మాట. వెండిపై నల్లదనము మురికి కాదు. గాలిలోని గంధకపు ఆవిరి వెండితో కలిసి ఏర్పరచిన పలుచని పొర అది. ఏండ్ల తరబడి సమముగా పట్టిన ఆ పొర క్రింది లోహమును కొంతవరకు కాపాడును. ఇది పాతదని చెప్పు సాక్ష్యముగా గూడ నిలుచును. చింతపండులోని పులుపు రాగిపై పొరను కరగించును, బూడిద రాపిడికి వెండిపై వేలకొలది గీతలు పడును. అర్ధనిమేషములో పదునాలుగణాల నాణెము ఆరణాల ధరకు దిగును. ఎవరును దానిని మరల పైకెత్తలేరు. రాగినాణెములపై గట్టిగానున్న ఆకుపచ్చ చిలుము కదల్పరానిది. పొడివలె రాలు లేత ఆకుపచ్చ మచ్చలు మాత్రము రోగము. అట్టిదానిని వెంటనే వేరుచేసి, తడి తగులకుండ నుంచి, తెలిసినవారికి చూపవలెను. సీసపు నాణెములను చెక్కపెట్టెలో పెట్టరాదు. చెక్కనుండి వెలువడు పుల్లని యావిరి సీసమును తెల్లని పొడిగా మార్చివేయును. మెత్తని ప్లాస్టిక్కు సంచులు కొన్ని కాలక్రమమున జిడ్డు కార్చి లోహమును తినును. అవియు పనికిరావు.

సీసపు నాణెములు మనకెందుకని యడుగవచ్చును. మన తెలంగాణము శాతవాహన నాణెముల గని. గోదావరియొడ్డునున్న కోటిలింగాలలో 1970ల చివర ఒక గ్రామ పోస్టుమాస్టరు నేలపై ఏరిన నాణెములు పండితులను చేరినవి. డాక్టరు పరబ్రహ్మశాస్త్రిగారు వానిని చదివి, శాతవాహనవంశమునకు ఆద్యుడైన ఛిముకుని పేరు వానిపై నున్నట్లు ప్రకటించిరి. గోభద్రుడు, సమగోపుడు మొదలైన, చరిత్ర యెరుగని రాజుల పేర్లును అక్కడనే బయటపడినవి. తరువాత పురావస్తుశాఖవారు అచ్చట త్రవ్వకములు జరిపిరి. ఆ పోస్టుమాస్టరు ఆ బిళ్లలను మెరయునట్లు తోమియుండినచో ఏమయ్యెడిది? బ్రాహ్మీలిపిలో ఒక రాజు పేరు నాలుగైదు అక్షరములు. అందొక్కటి రాలిపోయినను రాజు పేరు మారును, వంశచరిత్ర మారును. రెండువేల యేండ్లు నేల కాపాడిన అక్షరమును ఒక ప్రొద్దున మన చేయి చెరిపివేయును.

నాసికు జిల్లా జోగల్‌తంబిలో 1906లో దొరికిన నిధిలో పదమూడువేలకు పైగా వెండినాణెములున్నవి. అవి నహపాణుడను క్షహరాత రాజువి. వానిలో తొమ్మిదివేలకు పైగా నాణెములపై గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను మరల కొట్టించినాడు. నహపాణుని మొగము ముక్కలైనది. అంకెలు మాత్రమే చూచువాడు ఇవి దెబ్బతిన్న నాణెములని తరము తగ్గించును. చదువుకొన్నవాడు మాత్రము ఇది యుద్ధవిజయపత్రమని గుర్తించును. కావున తరము ఒకటి, విలువ ఒకటి. తరము నాణెపు దేహస్థితిని చెప్పును. విలువను చెప్పుటకు చరిత్ర కావలెను. రెండింటిని కలిపివేయువాడు రెండింటిని చెరచును.

చట్టముమాట గూడ ఒకటి చెప్పవలసియున్నది. దున్నునపుడో, పునాది త్రవ్వునపుడో పాతుబడిన నిధి దొరికినచో, దాని విలువ పదిరూపాయలు మించినంతనే జిల్లా కలెక్టరుకు తెలుపవలెనని 1878 నాటి నిధినిక్షేపముల చట్టము విధించినది. నూరేండ్లు దాటిన నాణెములు 1972 నాటి చట్టము ప్రకారము పురావస్తువులు. వానిని దేశము దాటించుటకు సొంతవారికి అధికారము లేదు. దొరికినది దొరికినట్లే, కడుగక, చీల్చక, పంచుకొనక, దొరికిన కుండతోసహా చూపుట మేలు. ఏ నాణెము ఏ నాణెముతో కలిసి, ఏ లోతున దొరికినదో అదియే చరిత్రకారునికి ముఖ్యము.

ఇప్పుడు నా ప్రతిపాదనలు. కార్యవర్గమువారు వీనిని పరిశీలింతురు గాక.

ఒకటి: డబ్బాలోని నాణెములను ఎవరును తోమరాదు. మట్టి యంటినచో స్వచ్ఛమైన నీటిలో ముంచి, రుద్దక, మెత్తని గుడ్డపై ఆరనిచ్చుట చాలును. సీసపువానిని నీటిలో గూడ ముంచరాదు.

రెండు: ఒక రిజిస్టరు తెరువవలెను. అందు వరుససంఖ్య, దాత, దొరికిన ఊరు, లోహము, తూకము, సంవత్సరము, బొమ్మ తరము, బొరుసు తరము, దోషములు అను గడులుండవలెను. దాత పేరు లేని నాణెము, సర్వేనంబరు లేని పొలము రెండును ఒకటే.

మూడు: తరమును ఒక్కరు నిర్ణయింపరాదు. ముగ్గురు వేరువేరుగా చూచి, ఒకరి చీటీ ఒకరు చూడకుండ వ్రాయవలెను. రెండణాలకు మించి భేదము వచ్చినచో వారము గడచినపిమ్మట మరల చూడవలెను. ధర తెలియకముందే తరము వ్రాయవలెను. ధర తెలిసిన కన్ను ధరనే చూచును.

నాలుగు: నెలకొక ఆదివారము సాయంకాలము గ్రంథాలయములో కాటాయు, భూతద్దమును, దీపమును ఉంచి, గ్రామస్థులు తెచ్చు నాణెములను ఉచితముగా చూచి, చీటీపై వ్రాసి యియ్యవలెను. కొనుటయు అమ్ముటయు ఆ బల్లపై జరుగరాదు. తరము చెప్పువాడే బేరమాడినచో ఆ దినముతో నమ్మకము పోవును.

1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును స్థాపించిన పెద్దలు పుస్తకములను మాత్రమే కూర్చలేదు. చూచుట నేర్పినారు, చదువుట నేర్పినారు. నాణెము గూడ ఒక పుస్తకమే. దానికి రెండే పుటలు. ఆ రెండు పుటలు వేలకొలది చేతులలో నలిగి మనయొద్దకు వచ్చినవి. సంతలో ఉప్పు కొన్న చేయి, శిస్తు కట్టిన చేయి, బిడ్డ చేతిలో పండుగనాడు పెట్టిన చేయి, ఇవన్నియు ఆ యరుగుదలలో నున్నవి. అరుగుదలను దాచక, పెంచక, తగ్గించక ఉన్నదున్నట్లు వ్రాయుటయే పరీక్షకుని ధర్మము. లెక్కవ్రాయువాని ధర్మమును అదియే.

గ్రంథాలయము శతవార్షికోత్సవము జరుపుకొను నాటికి ఈ రిజిస్టరు మన మనుమల చేతులలో పదహారణాలుగా నుండుగాక!

స్వస్తి.